మెట్ల పైన ఏడడుగులు గొంతెమ్మ కోరిక కాదు

చీపురుపల్లిలో కొత్త ఇల్లు కొనేవాళ్లు చూడని కాగితం లేదు. ఈసీ తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు లాయరు చేత చదివిస్తారు. సిద్ధాంతిని తీసుకొచ్చి నైరుతి నుంచి ఈశాన్యం దాకా కొలిపిస్తారు. బోరు నీళ్లు దోసిట్లో పట్టి రుచి చూస్తారు, వంటగట్టు మీద గ్రానైటు నిమిరి చూస్తారు. అన్నీ అయ్యాక మేడ చూద్దామని మెట్లెక్కితే ఆరో మెట్టు దగ్గర పైనున్న బీము నెత్తికి తగలబోతుంది. అమ్మేవాడికి ఆ సంగతి ముందే తెలుసు. "ఏటవుతాది బావూ, బుర్ర కూసింత ఒంచుకుంటే సరిపోతాది" అంటాడు. కొనేవాళ్లు సరేననుకుని, బుర్ర ఒంచుకుని పైకెళ్లి, బాల్కనీ బాగుందని మెచ్చుకుని దిగుతారు.

ఈ మాట అమ్మేవాడొక్కడిదే అయితే పట్టించుకోనక్కర్లేదు. అమ్ముకునేవాడు అలాగే అంటాడు. కానీ మామగారూ అదే అంటారు, తోడొచ్చిన స్నేహితుడూ అదే అంటాడు, కట్టిన మేస్త్రీ అదే అంటాడు. మెట్ల దగ్గర ఎత్తు తగ్గడం చిన్న ఇబ్బంది, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది, ఆ మాత్రం దానికి మంచి ఇల్లు వదులుకుంటారా అన్నది మన వైపు స్థిరపడిపోయిన అభిప్రాయం. అది తప్పు అభిప్రాయం. మెట్ల పైన తలకి చోటు లేకపోవడం కట్టడంలో లోపం. అదీ శ్లాబు పోసేశాక సులువుగా దిద్దుకోవడానికి వీల్లేని లోపం. కట్టినవాడు చెయ్యాల్సిన లెక్క చెయ్యకపోతే, ఆ తప్పుని ఇంట్లో ఉండేవాళ్లు జీవితాంతం తమ మెడ వంచి సర్దుకోవాలన్నది ఏ న్యాయమూ కాదు.

ముందు ఈ "అలవాటు" సంగతి తేలుద్దాం. బంధువుల కోసం రాజాం రోడ్డు వైపు ఒక ఇల్లు చూడ్డానికి వెళ్లాం. కొత్త ఇల్లనే చెప్పారు. అమ్ముడుపోయేలోగా కొన్నాళ్లు అద్దెకిచ్చారట. రంగులు కొత్తగానే ఉన్నాయి, టైల్స్ మీద గీత లేదు. మెట్ల మీద బీము అంచు మాత్రం వేరే కథ చెప్పింది. జానెడు మేర పుట్టీ లేచిపోయి, ఆ చోటంతా నల్లగా జిడ్డు పట్టి ఉంది. కొబ్బరినూనె రాసుకున్న తలలు తగిలి తగిలి పడిన మరక అది. దానికి అటూ ఇటూ ఎర్ర రేడియం టేపు అంటించారు. అంచు పొడుగునా పాత తువ్వాలు మడతపెట్టి మేకులు కొట్టారు, ఆ తువ్వాలు కూడా మధ్యలో నలిగి జిడ్డోడుతోంది. టేపు పెట్టి కొలిస్తే మెట్టు అంచు నుంచి బీము అడుక్కి ఐదడుగుల ఆరంగుళాలు.

అద్దెకున్నవాళ్లకి నిజంగా అలవాటై ఉంటే ఆ మరక అంత పెద్దదయ్యేది కాదు. మొదటివారం తగిలి, తర్వాత ఆగిపోయేది. తువ్వాలు కట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు. అలవాటన్నది నిమ్మళంగా, వెలుతురులో, ఖాళీ చేతులతో నడిచేటప్పుడు పనిచేస్తుంది. ఫోను మోగితే పరిగెత్తేవాడికీ, రాత్రి రెండింటికి కరెంటు పోయి నిద్రమత్తులో కిందికి దిగేవాడికీ, పైన బిడ్డ కెవ్వుమంటే ఎక్కే తల్లికీ అలవాటు గుర్తుకురాదు. మెట్ల మీద కళ్లు కింద ఉంటాయి, అలాగే ఉండాలి కూడా. అడుగు తప్పకుండా మెట్టు అంచు చూసుకుంటూ నడిచేవాడికి పైన బీము కనపడదు. ఎక్కేటప్పుడు నడినెత్తికి తగులుతుంది. దిగేటప్పుడు మరీ ప్రమాదం. ఒళ్లు ముందుకు తూగి ఉంటుంది, వేగం ఉంటుంది, నుదురు నేరుగా బీము అంచుకి కొట్టుకుంటుంది. ఆ దెబ్బతో ఒళ్లు వెనక్కి విరిగి కాలు జారితే మెట్ల పొడుగునా పడతారు. తలకి తగిలిన దెబ్బ ఒకటి, పడిపోవడం రెండోది. రెండోదే ప్రాణం మీదికి తెస్తుంది.

పెద్ద వయసువాళ్ల విషయంలో డాక్టర్లు చెప్పేది కొనేవాళ్లు చెవిన పెట్టాలి. డెబ్బై దాటినవాళ్లకి, అందులోనూ గుండెజబ్బుకి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి, తలకి తగిలిన చిన్న దెబ్బ కూడా లోపల నెమ్మదిగా రక్తం కారేలా చెయ్యగలదు. పైకి బొప్పి కూడా ఉండదు. రోజులకో వారాలకో తలనొప్పి, తడబాటు, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. అప్పటికి ఆ దెబ్బ సంగతే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. విజయనగరం పరిగెత్తి, అక్కణ్ణుంచి విశాఖ కేజీహెచ్‌కి పరిగెత్తే రోజున "బుర్ర ఒంచుకుంటే సరిపోతాది" అన్నవాడు పక్కన ఉండడు.

ఇంట్లోవాళ్లకి అలవాటైందనే అనుకుందాం. మన ఇళ్లకి వచ్చేవాళ్లకో? కనకమహాలక్ష్మి జాతరకి చీపురుపల్లిలో చుట్టాలు దిగని ఇల్లుండదు. సంక్రాంతికి చెన్నై నుంచీ హైదరాబాదు నుంచీ పిల్లలొస్తారు. పైన పక్కలు వేస్తారు. పొద్దున్నే ఒకరి తర్వాత ఒకరు దిగుతుంటే కింద నుంచి ఇంటావిడ "బుర్ర జాగర్త, బుర్ర జాగర్త" అని కేకలేస్తూ ఉండాలి. ఇల్లంటే వచ్చినవాడు నిశ్చింతగా తిరిగేది. అడుగడుగునా హెచ్చరిక చెప్పాల్సి వస్తే ఆ ఇంట్లో ఏదో తేడా ఉందని అర్థం.

ఇక లెక్క చూద్దాం. ఈ గొడవంతా పుట్టింది ఆ లెక్క చెయ్యకపోవడం వల్లే.

మన వైపు కింది నేల నుంచి పై అంతస్తు నేల దాకా మామూలుగా పదడుగులు పెడతారు. ఏడంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు చొప్పున వేస్తే పదిహేడు మెట్లు పడతాయి. హాల్లోంచి ఒకే వరసలో పైకి పోయే మెట్లు తీసుకుందాం. (మధ్యలో చదును లేకుండా ఏకబిగిన పదిహేడు మెట్లు వెయ్యడాన్ని జాతీయ భవన నియమావళి ఒప్పదు. కానీ మన డూప్లెక్స్ ఇళ్లలో అదే రివాజు.) పైన శ్లాబులో మెట్ల కోసం ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ అంచున బీము, శ్లాబుతో కలిపి అడుగు లోతు. అంటే బీము అడుగుభాగం కింది నేలకి తొమ్మిదడుగుల ఎత్తులో ఉంటుంది. బీము కిందికి వచ్చేది మూడో మెట్టు అయితే, దాని ఎత్తు ఇరవయ్యొక్క అంగుళాలు కాబట్టి పైన ఏడడుగుల మూడంగుళాలు మిగులుతుంది. ఎవరూ తల వంచక్కర్లేదు. అలా రావాలంటే శ్లాబులో ఖాళీ దాదాపు పదకొండడుగుల పొడుగు ఉండాలి. మేస్త్రి తొమ్మిదడుగులే వదిలాడనుకోండి. బీము ఆరో మెట్టు మీదికి వచ్చేస్తుంది. ఆరో మెట్టు మూడున్నర అడుగుల ఎత్తు. మిగిలింది ఐదున్నర అడుగులు. నేను చూసిన ఇంట్లో కొలత సరిగ్గా ఇదే.

ఆ రెండడుగుల ఖాళీ వదలకుండా బిల్డరు సంపాదించిందేమిటి? మెట్ల వెడల్పు మూడడుగులైతే పై అంతస్తులో ఆరు చదరపు అడుగుల నేల. ఒక బీరువా పెట్టుకునేంత చోటు. దాని కోసం ఆ ఇంట్లో పుట్టబోయే పిల్లల దగ్గర్నుంచి మనవల దాకా అందరూ నడుం వంచుకు నడవాలి. పై గది కొంచెం పెద్దదిగా కనపడుతుందని, ప్లింత్ ఏరియా లెక్కలో నాలుగడుగులు ఎక్కువ చెప్పుకోవచ్చని చేసే పని ఇది. ఖర్చు తగ్గించడానికి అనే మాట కూడా నిలవదు. ఖాళీ ఎక్కువ వదిలితే కాంక్రీటు తగ్గుతుంది గానీ పెరగదు.

అక్కడితో ఆగిపోదు కూడా. పై లెక్కలో కొలతలు పచ్చి కట్టడానివి. మెట్ల మీద మార్బుల్, దాని కింద సిమెంటు పరుపు వేస్తే అంగుళం, అంగుళమున్నర పైకి లేస్తుంది. బీముకి ప్లాస్టరింగు చేస్తే అరంగుళం కిందికి దిగుతుంది. హాల్లో ఫాల్స్ సీలింగు కొట్టించి, దాన్ని బీము దాకా తీసుకొస్తే ఇంకో ఆరంగుళాలు హుళక్కి. సెంట్రింగు నాటికి బొటాబొటిగా ఉన్న ఎత్తు గృహప్రవేశం నాటికి లేకుండా పోతుంది.

పైన తగులుతుందని తెలిశాక కొందరు మేస్త్రులు చేసే చిట్కా ఒకటుంది. మెట్లని నిటారు చేస్తారు. ఎత్తు ఎనిమిదంగుళాలు, వెడల్పు ఎనిమిదిన్నర. అప్పుడు అదే తొమ్మిదడుగుల ఖాళీలో తలకి చోటు దొరుకుతుంది, నిజమే. కానీ మెట్టు పాదం పట్టదు. నివాస గృహాల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదనీ, వెడల్పు 250 మిల్లీమీటర్లకి తగ్గకూడదనీ జాతీయ నియమావళి చెబుతోంది. అంటే దాదాపు ఏడున్నర అంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు. తలని కాపాడబోయి మోకాళ్లు అరగదీసే ఆ చిట్కా పరిష్కారం కాదు. లోపాన్ని ఒకచోట నుంచి ఇంకోచోటికి జరపడం, అంతే.

తప్పు మేస్త్రి మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి కట్టుబడి పనికి వెళ్లని నగరం లేదు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాకంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వాళ్లలో పలువురు ఈ రెండు జిల్లాలవాళ్లు. దేశంలో ఆకాశహర్మ్యాలు కట్టిన చేతులు మనవి. అక్కడ ఇంజనీరు గీసిచ్చిన బొమ్మలో ప్రతి మెట్టుకీ కొలత ఉంటుంది, అది చూసి అదే చేతులు అంగుళం తేడా లేకుండా కడతాయి. ఊరికొచ్చి నూట యాభై గజాల్లో ఇల్లు కట్టేటప్పుడు వాళ్ల చేతికి ఇచ్చేది ఒక్క ప్లాను కాగితం. ప్లానులో పొడుగూ వెడల్పూ ఉంటాయి, ఎత్తు ఉండదు. ఎత్తు తెలియాలంటే ఇంటిని నిలువునా కోసినట్టు చూపించే సెక్షన్ బొమ్మ కావాలి. మెట్ల వరకైనా ఆ బొమ్మ గీయించేవాళ్లు మన ఊళ్లలో అరుదు. అనుమతి కాగితాలతో పాటు ఒక సెక్షన్ జతచేసినా, అది ఫైల్లో ఉండడానికి గీసింది. సైటు మీద ఎవరూ దాన్ని విప్పి చూడరు. కొనేవాడూ ప్లాను చూసే కొంటాడు, సిద్ధాంతీ ప్లాను చూసే మార్కులు వేస్తాడు. అందరూ నేలని చూసి కొన్న ఇంట్లో తల ఎక్కడ ఉంటుందో ఎవరూ చూడలేదు.

సిద్ధాంతి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వాస్తు నమ్మేవాళ్ల నమ్మకం జోలికి నేను పోవడం లేదు. మెట్లు దక్షిణంలోనో పడమరలోనో ఉండాలి, ఈశాన్యంలో ఉండకూడదు, కుడివైపు తిరగాలి, సంఖ్య బేసి కావాలి అంటారు. అన్నీ కుదుర్చుకోండి. నా అభ్యంతరమల్లా ఈ నాలుగూ కుదిరితే మెట్ల పని అయిపోయిందనుకోవడం మీద. నైరుతి గది కొలత తగ్గకూడదని మెట్ల ఖాళీని కుదించేస్తారు. బేసి రావాలని ఒక మెట్టు తీసేసి, మిగిలినవాటి ఎత్తు పెంచేస్తారు. దూలం కింద మంచం వేస్తే అరిష్టమని మంచాన్ని జరిపే ఇంట్లోనే, అదే దూలం నుదుటికి తగిలే దారిలో రోజుకి పదిసార్లు తిరగమంటారు. మన వాస్తు గ్రంథాలు కొలతల్ని చాలావరకు అంగుళం, జాన, మూర అంటూ మనిషి ఒంటి నుంచే తీసుకున్నాయి. ఆ శాస్త్రం పేరు చెప్పి మనిషి నిటారుగా నడవలేని ఇల్లు కట్టడం ఆ శాస్త్రానికే అపచారం.

"మనవాళ్లు పొట్టివాళ్లే కదా, ఐదూ ఆరు చాలదా" అనేది ఇంకో వాదన. ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్ సంగతి వీళ్లకి చెప్పాలి. 1498 ఏప్రిల్ 7న అంబ్వాజ్ కోటలో బంతాట చూడ్డానికి వెళ్తూ తక్కువ ఎత్తున్న గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. స్పృహ తప్పి కొన్ని గంటల్లో ప్రాణం వదిలాడు. ఇరవై ఏడేళ్లవాడు. అతని కొలువులో ఉన్న చరిత్రకారుడు కమీన్, రాజు పొట్టివాడే అయినా తల తగిలిందని రాసిపెట్టాడు. అది అతని సొంత కోట. పొట్టితనమూ కాపాడలేదు, అలవాటూ కాపాడలేదు.

పైగా మనం ఇల్లు కట్టేది మనకొక్కరికే కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో, బాగా పెరిగిన భారతీయ పురుషుడికి ప్రమాణంగా 177 సెంటీమీటర్ల ఎత్తు తీసుకుంది. దాదాపు ఐదడుగుల పదంగుళాలు. స్త్రీకి 162 సెంటీమీటర్లు. ఈ ఊళ్లో ఆర్మీకి సెలక్టవుతున్న కుర్రాళ్లని చూడండి, తాతల కన్నా తండ్రులు, తండ్రుల కన్నా కొడుకులు చెయ్యెత్తు పెరిగారు. సరిహద్దులో డ్యూటీ చేసి సెలవుకి ఇంటికొచ్చిన కొడుకు సొంత మెట్ల మీద గూనివాడిలా దిగాలా?

అయినా మెట్ల దగ్గర లెక్కపెట్టాల్సింది ఒట్టి మనిషి ఎత్తు కాదు, నెత్తిన బరువుతో మనిషి ఎత్తు. ఈ సంగతి పట్నం కొలతలు చదివి కట్టేవాళ్లకి తెలియకపోవచ్చు, మనకి తెలియకపోవడానికి వీల్లేదు. మన ఇళ్లలో డాబా ఎండబెట్టుకునే కళ్లం. మొక్కజొన్నలు, చింతపండు, మిరపకాయలు, వడియాలు, మినుములు అన్నీ పైకి పోతాయి, మళ్లీ సాయంత్రానికి కిందికి దిగుతాయి. వాటిని మోసేది ఎక్కువగా ఆడవాళ్లు, మోసేది నెత్తి మీద. ఐదడుగుల మనిషి నెత్తిన గంప పెట్టుకుంటే ఆరున్నర. బియ్యం బస్తా భుజాన వేసుకున్న కూలీ ఎత్తూ అంతే. 14.2 కిలోల గ్యాసు బండ, ఖాళీ సిలిండరు బరువుతో కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది. దాన్ని భుజాన పెట్టుకుని పైపోర్షన్‌కి ఎక్కే కుర్రాణ్ణి బుర్ర ఒంచుకోమనండి చూద్దాం. బరువు మోసేవాడు ఒంగితే బరువు ముందుకు దొర్లుతుంది. అతను ఒంగలేడు. మోకాళ్లు మడిచి, నడుం బిగబట్టి, ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగాలి. ఇంటి యజమాని తన ఒక్క ఇంట్లో పడే ఇబ్బందిని ఆ కుర్రాడు రోజూ ఇంటింటా పడతాడు.

బీరువా, డబుల్‌కాట్ మంచం, పరుపు పైకి ఎక్కించిన రోజు ప్రతివాళ్లకీ ఈ సంగతి తెలిసొస్తుంది. చివరికి బాల్కనీ మీదుగా తాళ్లు కట్టి లాగుతారు. సామానంటే తాళ్లతో లాగుతాం. మంచాన పడిన మనిషిని పైనుంచి స్ట్రెచరు మీద దించాల్సి వస్తే? ముందువాడు మెట్లు దిగుతుంటే వెనకవాడు స్ట్రెచరుని చదునుగా ఉంచాలని భుజాల ఎత్తుకి లేపుతాడు. అక్కడ బీము అడ్డం. నూట ఎనిమిది అంబులెన్సు సిబ్బంది ఆ మెట్ల మీద రోగిని కుర్చీలో కూర్చోబెట్టో, చేతులమీద ఎత్తుకునో దించాలి.

పూర్వం మన ఇళ్లకి గుమ్మాలు పొట్టివి కావా, పెద్దలు తల వంచుకునే ఇంట్లోకి వచ్చేవారు, అది వినయం అనేవారున్నారు. ఈ వాదనలో కాస్త తియ్యదనం ఉంది కాబట్టే నిలబడి జవాబు చెప్పాలి. ఉత్తరాంధ్ర చుట్టిళ్లకి చూరు కిందికి దిగేది గాలివాన కోసం. తుపాను గాలి చూరు కింద దూరి కప్పుని లేపుకుపోకుండా గడ్డినీ తాటాకునీ నేలకి దగ్గరగా దించేవారు. 2014లో హుద్‌హుద్‌నీ, 2018లో తిత్లీనీ చూసినవాళ్లకి ఆ దించుడులో ఉన్న తెలివి వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆ చూరు తాటాకు, గడ్డి. తల తగిలితే జుట్టు చెదురుతుంది. కింద నేల చదును. ఒంగినా జారిపడే మెట్టు లేదు. చూరు దాటి లోపలికెళితే కప్పు పైకి లేచి ఉంటుంది, నిటారుగా నిలబడొచ్చు. ఒక ప్రయోజనం కోసం, ఒక్క అడుగు మేర, మెత్తటి కప్పు కింద వంగడం అది. కాంక్రీటు అంచు కింద, మెట్ల మీద, ఏ ప్రయోజనమూ లేకుండా వంగడానికి ఆ తాతల్ని సాక్ష్యం పిలవడం వాళ్ల పనితనాన్ని తక్కువ చెయ్యడమే.

ఇంటి లోపలి మెట్లే కాదు, బయటి మెట్ల దగ్గరా ఇదే తంతు. స్థలం చిన్నదైతే మెట్లు పక్క సందులో వేస్తారు. అంతస్తు పదడుగులైతే సగంలో వచ్చే ల్యాండింగు ఐదడుగుల ఎత్తున ఉంటుంది, దాని శ్లాబు మందం తీసేస్తే కింద నాలుగున్నర. ఆ సందే పెరట్లోకి దారి. కింద వాటావాళ్లు నీళ్ల బిందెతో అందులోంచే తిరగాలి. కొందరు ఆ ల్యాండింగు కిందే బాత్రూము కట్టి తలుపు పెడతారు. స్నానం చేసేవాడు నిలబడలేడు. చేసేవాళ్లకి మార్గం లేకపోలేదు. మొదటి వరసలోనే పదమూడు మెట్లు ఎక్కించి ల్యాండింగుని ఏడడుగుల ఏడంగుళాలకి తీసుకెళ్లి, మిగతా నాలుగు మెట్లూ తిప్పి వేస్తే కింద ఏడడుగుల పైచిలుకు దొరుకుతుంది. దానికి పదమూడడుగుల పొడుగు సందు చాలు. మన స్థలాల్లో అది ఉంటుంది. ఆలోచనే ఉండదు.

బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ ప్రచురించిన జాతీయ భవన నియమావళి ఈ చోటు గురించే స్పష్టంగా చెప్పింది. ల్యాండింగు కిందా, మెట్ల కిందా మనుషులు నడిచే దారిలో కనీసం 2.2 మీటర్ల ఎత్తుండాలి. ఏడడుగుల రెండున్నర అంగుళాలు. బ్రిటన్‌లో మెట్ల పైన 2 మీటర్లు, అమెరికాలో ఇళ్లకి 6 అడుగుల 8 అంగుళాలు కనీసం. మన కన్నా పొడుగువాళ్లుండే దేశాల్లో తక్కువ, మనకి ఎక్కువ ఎందుకని అడగొచ్చు. నెత్తిన బరువు మోసే దేశానికి ఆ ఎక్కువ కావాలనే నా జవాబు. పోనీ వాళ్ల కొలతే తీసుకున్నా, ఐదున్నర అడుగులు ఏ దేశంలోనూ పాసుకాదు.

నియమావళి ఉండగా ఇలాంటి ఇళ్లు ఎలా లేస్తున్నాయంటే, అది తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రమూ స్థానిక సంస్థలూ తమ నిబంధనల్లో చేర్చుకుని, సైటుకొచ్చి చూస్తేనే దానికి కోరలు. వచ్చి చూసేవాళ్లు రోడ్డు నుంచి ఎంత వదిలారు, ఎన్ని అంతస్తులు లేపారు అని చూస్తారు. రెరా ఉంది కదా అంటారు. 2016 రెరా చట్టంలో ఇల్లు అప్పగించిన ఐదేళ్లలో బయటపడిన కట్టడం లోపాన్ని బిల్డరు సొంత ఖర్చుతో సరిచెయ్యాలని ఉంది, నిజమే. కానీ స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ ప్రాజెక్టు రిజిస్టరు చెయ్యక్కర్లేదు. చీపురుపల్లిలో అమ్మకానికొచ్చే ఇల్లు నూట యాభై గజాలు, అంటే 125 చదరపు మీటర్లు. రెరా గేటు దగ్గరికి కూడా రాదు. ఇంటి నిర్మాణాన్ని సేవగా గుర్తించిన వినియోగదారుల చట్టం ఉంది, కట్టించుకున్నవాళ్లు జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. అయితే సిద్ధంగా ఉన్న ఇంటిని కళ్లారా చూసి, ఆ బీము కింద ఒంగి నడిచి, రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాడు తర్వాత వెళ్లి నాకు తెలియదంటే ఎవరు వింటారు? కాబట్టి చిన్న ఊళ్లో కొనేవాడికి ఉన్న రక్షణ ఒక్కటే, అడ్వాన్సు ఇవ్వకముందు వద్దనగలగడం. సరిగ్గా ఆ ఒక్కదాన్నే "చిన్న విషయం" అంటూ మనవాళ్లు లాగేసుకుంటున్నారు.

"కొనేసెయ్, తర్వాత కొట్టించుకోవచ్చు" అనే సలహాకి కూడా లొంగకండి. ఆ అంచు బీము అలంకారానికి పెట్టింది కాదు. పై అంతస్తు శ్లాబు దాని మీద ఆని ఉంటుంది, ఒక్కోసారి మెట్ల శ్లాబు కూడా. దాని అడుగు చెక్కితే ముందు బయటపడేది కింది వరస ఇనుమే, బరువంతా లాగిపట్టుకున్నది ఆ ఇనుమే. దాన్ని కొయ్యడానికి తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరెవరూ ఒప్పుకోడు. శ్లాబు పొడుగునా కోసి కొత్త బీము వేసి ఆనించాలంటే కింద జాకీలు పెట్టి, నెలల తరబడి ఇల్లు ఖాళీ చెయ్యాలి. మెట్లు పూర్తిగా పగలగొట్టి మలుపు తిప్పి వెయ్యడం కొన్ని ఇళ్లలో కుదురుతుంది, హాల్లో చోటు పోతుంది. కట్టేటప్పుడైతే ఖర్చు లేకుండా అయ్యే పని ఇది. ఖాళీ రెండడుగులు పెంచడం ఒక మార్గం. అంచు బీముని శ్లాబు కిందికి కాకుండా పైకి లేపి పొయ్యడం ఇంకో మార్గం. అలా చేస్తే ఏడంగుళాలు చేతికొస్తాయి, పై అంతస్తులో ఆ బీమే పిట్టగోడకి ఆధారమవుతుంది. ఇంజనీరుకి ఒక పూట పని.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంట్లో అందరికన్నా పొడుగువాణ్ణి తీసుకెళ్లండి. మెట్లు రెండుసార్లు ఎక్కించి దింపండి. దిగేటప్పుడు అతని చెయ్యి తిన్నగా పైకెత్తి ఉంచమనండి. మామూలు ఎత్తు మనిషి చెయ్యెత్తితే వేళ్ల కొసలు ఏడడుగుల దరిదాపుల్లో ఉంటాయి. వేళ్లు బీముకి రాసుకున్న చోట ఆగి, మెట్టు అంచు మీద టేపు చివర పెట్టి, పైకి నిట్టనిలువుగా కొలవండి. ఏటవాలుగా పట్టుకుంటే కొలత తప్పు వస్తుంది. డాబా మీద మెట్ల గది కప్పు కింద, బయట ల్యాండింగు కింద కూడా ఇలాగే. ఏడడుగులుంటే మిగతా బేరం మాట్లాడుకోండి. ఆరున్నరకి తక్కువైతే ధర తగ్గిస్తామన్నా తీసుకోకండి, ఎందుకంటే ఆ తగ్గింపు డబ్బుతో ఆ ఎత్తు కొనలేరు. మామగారు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

స్థలం కొని కట్టించుకునేవాళ్లకి పని ఇంకా తేలిక. పై శ్లాబుకి సెంట్రింగు కొట్టి, ఇనుము కట్టకముందు మేస్త్రిని పిలిచి కింది నేల నుంచి గోడ మీద పదిహేడు మెట్లూ సుద్దముక్కతో గీయించండి. మార్బుల్ మందం కలిపే గీయమనండి. బీము చెక్క అంచు నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, అది ఏ మెట్టు మీదికి దిగిందో చూసి, అక్కణ్ణుంచి పైకి కొలవండి. ఏడడుగులు రాకపోతే ఆ రోజు పోత ఆపించండి. మిల్లరు అద్దె, కూలీల ఒక రోజు బత్తెం పోతాయి. చెక్కలు విప్పి రెండడుగులు వెనక్కి కొట్టడానికి కార్పెంటరుకి ఒక పూట పడుతుంది.